1800 నంబర్లు ఫ్రీ అంటారు గదా, మరి నాన్న ఫోన్‌లో డబ్బులు ఎందుకు కట్ అయినాయి?

బైరాగిపట్టెడ_అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఫోన్ల సంగతి తెలిసినోళ్ళు రొంత చెప్పండి. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా నాన్న రిటైరయినాడు, స్మార్ట్ ఫోన్ ఇస్తే వద్దంటాడు, బటన్ ఫోనే ఆయనకి. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రం ఉండే ప్యాక్ వేయించినాము, 2024 డిసెంబర్లో ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ వాళ్ళు అట్లాంటి ప్యాకులు కంపెనీలు ఇచ్చి తీరాలని చెప్పినాక వచ్చినాయి కదా, అది. కాల్స్ అన్‌లిమిటెడ్. అయినా అవసరానికి ఉంటాదిలే అని మెయిన్ బ్యాలెన్స్‌లో పది రూపాయల టాప్-అప్ వేసి పెడతా. పదికి లోపల పడేది 7.47 మాత్రమే, జీఎస్టీ పోను, వాళ్ళ ఫీజు ఒక రూపాయి పోను.

మొన్న నాన్న కార్డు ఏటీఎంలో ఇరుక్కుపోయింది. నేను ఇంట్లో లేను. ఆయనే పాస్‌బుక్ అట్ట మీద ఉండే నంబర్ చూసి బ్యాంకుకు ఫోన్ చేసినాడు. ఇంగ్లీషుకి ఒకటి నొక్కు, హిందీకి రెండు నొక్కు, అది అయినాక మ్యూజిక్కు, మా ఉద్యోగులందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు వేచి ఉండండి అని, మళ్ళీ మ్యూజిక్కు. మనిషి లైన్లోకి రాకముందే కాల్ కట్. కట్ అయినాక స్క్రీన్ మీద చిన్న డబ్బా వస్తాది చూడండి, కాల్ ఎంతసేపు, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని, దాంట్లో మిగిలింది పైసల్లో ఉండాది. నేను వచ్చి చూసేసరికి ఆ ఫోన్ పట్టుకోని అట్లనే కూర్చోని ఉన్నాడు, అదేందమ్మా 18తో మొదలయ్యేటివి అన్నీ ఫ్రీయే గదా, పేపర్లో టోల్ ఫ్రీ అని వేస్తారు గదా అని అడిగినాడు. నాకు ఏం చెప్పాల్నో తెలీలేదు.

అసలు మొబైల్ నుంచి చేస్తే టోల్ ఫ్రీ నంబర్లకి డబ్బులు పడతాయా పడవా? అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉండగా ఎందుకు కట్ అయింది? మళ్ళీ ఇట్ల జరగకుండా ఏం చేయాల? ఇంకొకటి, మా అన్న ఇంగ్లండ్‌లో ఉండాడు, ఆయనకి ఈడ బ్యాంకులో అకౌంట్ ఉండాది, అక్కడి నుంచి ఈ 1800 నంబర్లు అసలు పోవటం లేదంట. దానికి కూడా దారి ఏమన్నా ఉంటే చెప్పండి.


పాకాల_ఎక్స్ఛేంజ్:

అమ్మా, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సర్వీసంతా చేసి రిటైరయినోడిని, ఇది నాకు బాగా తెలిసిన సంగతే కాబట్టి రొంత పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ పాస్‌బుక్ అట్ట మీద నంబర్ మళ్ళీ ఒకసారి చూడు. మొదటి నాలుగంకెలు 1860 అయి ఉంటాయి, నేను రాసిస్తాను. 1800 వేరే, 1860 వేరే. చూసేదానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ డబ్బు కట్టేది ఎవరు అనే కాడ తేడా. 1800కి చేస్తే పిలిచినోడికి పైసా పడదు, ఆ నంబర్ తీసుకున్న కంపెనీయే మొత్తం కడతాది, ల్యాండ్‌లైన్ అయినా మొబైల్ అయినా అంతే. 1860 అయితే లోకల్ కాల్ ఖర్చు పిలిచినోడిది, మిగతాది కంపెనీది. ఎస్‌టీడీ రేట్లు మండిపోయే రోజుల్లో అది మంచి ఏర్పాటే, చిత్తూరు నుంచి ముంబయి ఆఫీసుకి చేసినా లోకల్ చార్జీనే పడేది. ఇప్పుడు దేశం మొత్తానికీ ఒకటే రేటు అయిపోయినాక, ప్యాకుల్లో మామూలు కాల్స్ అన్నీ కలిసిపోయినాక, ఆ 1860 అనేది మన పక్కన నష్టంగా మిగిలింది.

ఇవి ఎట్ల పని చేస్తాయో చెప్తే నీకు ఇంకా బాగా అర్థమవుతాది. 1800 నంబర్‌కి సొంతంగా లైన్ అంటూ ఏమీ ఉండదు. నువ్వు డయల్ చేస్తానే నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ ఆ నంబర్ చూసి, ఇది ఫలానా కంపెనీది, ఈ టైములో ఫలానా ఊర్లో వాళ్ళ ఆఫీసుకి పంపాల అని దాని వెనకాల ఉండే అసలు నంబర్‌కి మళ్ళిస్తాది. ఆ మళ్ళించే చోటే బిల్లు ఎవరి మీద వేయాలో కూడా రాసి ఉంటాది. అందుకనే ఒకే నంబర్‌కి పొద్దున చేస్తే ఒక ఊరు, రాత్రి చేస్తే ఇంకో ఊరు ఎత్తుతారు.

మీ నాన్నలాంటి పెద్దోళ్ళు తికమక పడేదానికి ఇంకో కారణం కూడా ఉండాది. మొదట్లో మన దేశంలో టోల్ ఫ్రీ నంబర్లు 1600తో మొదలయ్యేవి, 1800 తర్వాత వచ్చింది. అప్పట్లో ప్రకటనల కింద చిన్నక్షరాల్లో బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ లైన్ల నుంచి మాత్రమే అని వేసేవాళ్ళు. మొబైల్ నుంచి చేస్తే అసలు పోయేవే కాదు. కొండకి వచ్చిన యాత్రికులు బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూతుల ముందర నిలబడి, టోల్ ఫ్రీ కదా డబ్బులెందుకు అడుగుతావు అని బూతు ఆయనతో వాదులాడేది నేను చూసినా. ఇప్పుడు ఆ 1600 సిరీస్ బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు మనకు ఫోన్ చేసేదానికి ఇచ్చినారు, అడ్వర్టైజ్‌మెంట్ కాల్స్‌కి 140. కాబట్టి 1600 కనిపిస్తే అది వాళ్ళు మనకు చేసే కాల్ అని నాన్నకి చెప్పు.

ఇంక అన్‌లిమిటెడ్ సంగతి. అన్‌లిమిటెడ్ అంటే మామూలు మొబైల్ నంబర్లకి, ఎస్‌టీడీ కోడ్ ఉండే ల్యాండ్‌లైన్ నంబర్లకి. స్పెషల్ నంబర్లు దీంట్లోకి రావు అని ప్యాక్ షరతుల్లో ఒక ముక్క ఉంటాది, ఒక్కో ప్యాక్‌కి ఒక్కో తీరుగా. 1860 ఆ లెక్కలోకి పోయి మెయిన్ బ్యాలెన్స్ నుంచి తీసుకుంటారు. బ్యాలెన్స్ సున్నా ఉంటే కాలే పోదు, బ్యాలెన్స్ చాలదు అని చెప్పి పెట్టేస్తాది. మీ నాన్నకి మధ్యలో కట్ అయింది కూడా ఇందుకే అయి ఉంటాది, 7.47 అయిపోయింది, లైన్ పోయింది.

దీనికి దారి ఏందంటే, 1860 ఇచ్చిన ప్రతి కంపెనీకీ వెనకాల 040, 044, 080, 022 లాంటి కోడ్‌తో ఒక మామూలు నంబర్ దాదాపు ఉంటాది. వాళ్ళ వెబ్‌సైట్‌లో మమ్మల్ని సంప్రదించండి అనే పేజీలో కింద వెతకాల. అది మామూలు కాల్ కాబట్టి ప్యాక్‌లోనే పోతాది. మన ఊరి బ్రాంచికి అయితే 0877 పెట్టి, చిత్తూరు బ్రాంచి అయితే 08572 పెట్టి నేరుగా చెయ్యొచ్చు. 1800కి మాత్రం ముందర సున్నా గానీ +91 గానీ పెట్టొద్దు, కాంటాక్ట్‌లో సేవ్ చేసేటప్పుడు కొన్ని ఫోన్లు వాటంతటవే +91 తగిలిస్తాయి, దాంతో కాల్ పోదు, జనం ఏమో నంబరే పని చేయటం లేదనుకుంటారు.


హెడ్‌సెట్_రేణిగుంట:

పాకాల సార్ చెప్పింది కరెక్ట్. నేను కాల్ సెంటర్లో పని చేస్తా, అవతలి పక్క నుంచి చూసిన సంగతులు చెప్తా అక్కా.

కాల్‌కి చార్జీ పడేది మనిషి మాట్లాడినప్పటి నుంచి కాదు. ఒకటి నొక్కండి రెండు నొక్కండి అనే రికార్డింగ్ ఎత్తిందంటే కాల్ కలిసినట్టే లెక్క, అప్పటి నుంచే మీటర్. 1800లో మీరు మ్యూజిక్ వింటా ఉన్నంతసేపు మీటర్ కంపెనీకి తిరుగుతాది, 1860లో మీకు తిరుగుతాది. అందుకే మీ నాన్నగారు ఒక్క మాట కూడా మాట్లాడకుండానే డబ్బులు పోయినాయి. నాకు దీంట్లో బాధ అనిపించేది ఏందంటే, ఎక్కువసేపు లైన్లో వెయిట్ చేసేది పెద్దోళ్ళే, వాళ్ళకే మెనూ అర్థం కాదు, తెలుగు ఆప్షన్ ఏ నంబర్‌లో ఉండాదో వెతుక్కునేసరికి నిమిషాలు పోతాయి, తప్పు నొక్కితే మళ్ళీ మొదటికి వస్తాది.

కార్డు పోయినా, ఏటీఎంలో ఇరుక్కున్నా ముందు చేయాల్సింది బ్లాక్ చేయించేది. దానికి మనిషి కోసం ఆగాల్సిన పని లేదు అక్కా, మెనూలో కార్డు పోయింది లేదా బ్లాక్ అనే ఆప్షన్ చాలా బ్యాంకుల్లో ముందరే ఉంటాది, అది నొక్కితే రికార్డింగే పని చేసేస్తాది, మనిషి కావాలన్నా ఆ లైన్ తొందరగా ఎత్తుతారు. అకౌంట్ నంబర్, రిజిస్టర్ అయిన మొబైల్ దగ్గర పెట్టుకోని చేయమనండి. బటన్ ఫోన్ వాళ్ళకి ఎస్సెమ్మెస్ పంపి బ్లాక్ చేసేది కూడా చాలా బ్యాంకులు పెట్టినాయి, బ్యాలెన్స్ తెలుసుకునేదానికి మిస్డ్ కాల్ నంబర్ ఉంటాది, మిస్డ్ కాల్‌కి చార్జీ లేదు. ఒకవేళ 1860కే చేయాల్సి వచ్చి మనిషి దొరికితే మొదటి మాటగానే, నా బ్యాలెన్స్ తక్కువ ఉంది, ఇదే నంబర్‌కి మీరు తిరిగి చేయండి అని అడగండి. అందరూ చేస్తారని చెప్పలేను గానీ అడిగితే చేసేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు అసలు భయం చెప్తా. 1800 నంబర్ కావాలని గూగుల్‌లో బ్యాంకు పేరు కొట్టి కస్టమర్ కేర్ అని వెతికి మొదట కనిపించినదానికి చేస్తారు చూడండి, దయచేసి ఆ పని చేయొద్దు. టోల్ ఫ్రీ అని పైన రాసి కింద పది అంకెల మొబైల్ నంబర్ పెట్టి ఉంటారు, మ్యాప్‌లో బ్రాంచి కింద కూడా పెట్టేస్తారు. ఎత్తినోడు చక్కగా తెలుగులో మాట్లాడి, ఒక యాప్ పంపిస్తా వేసుకోండి, ఓటీపీ చెప్పండి అంటాడు. 1800తో మొదలయింది కదా అని కూడా నమ్మేదానికి లేదు, డబ్బు కడితే 1800 నంబర్ ఏ కంపెనీకైనా ఇస్తారు. కార్డు వెనకాల అచ్చేసి ఉండేది, పాస్‌బుక్ మీద ఉండేది, లేదంటే బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో ఉండేది, ఈ మూడే. ఎవరికైనా అట్ల డబ్బు పోతే వెంటనే 1930కి చేయాల, అది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటకముందే ఆపేదానికి వీలుంటాది.


బైరాగిపట్టెడ_అమ్మాయి:

పాకాల అంకుల్, మీరు చెప్పినట్టే అది 1860నే. అట్ట మీద పెద్దక్షరాల్లో అదే ఉండాది. వెబ్‌సైట్‌లో చూస్తే వాళ్ళకే 1800 నంబర్ ఇంకొకటి ఉండాది, పేజీ అడుగున! ఫ్రీ నంబర్ ఉండి కూడా అట్ట మీద డబ్బులు పడేది ఎందుకు వేస్తారో నాకు అర్థం కావటం లేదు. రేణిగుంట తమ్ముడూ థాంక్స్, కార్డు నిన్ననే బ్లాక్ చేయించినాము, కొత్తది వస్తాదన్నారు.


ఆర్‌సీ_రోడ్:

అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. పోయింది ఏడు రూపాయలు. ఒక టీ కూడా రాదు దానికి. దానికోసం ఇంత వెతుకులాట అవసరమా, పది రూపాయలు ఎక్కువ వేసి పెట్టుకుంటే సరిపోతాది గదా?


పాకాల_ఎక్స్ఛేంజ్:

బాబూ, నీకు ఏడు రూపాయలు, ఒప్పుకుంటా. కానీ ఆ నిమిషంలో ఆయన కార్డు ఏటీఎం లోపల ఉండాది, లైన్ కట్ అయింది, మళ్ళీ చేసేదానికి బ్యాలెన్స్ లేదు, ఇంట్లో ఎవరూ లేరు. రీచార్జ్ అంగడి దాకా నడిచి పోయి వచ్చేలోపల ఆ కార్డు ఏమైతాదో అని పెద్దాయన ఎంత కంగారు పడి ఉంటాడో ఆలోచించు. చిన్న ఫోన్ పెట్టుకునేవాళ్ళు, పింఛను మీద బతికేవాళ్ళు, ఊర్లల్లో ఒంటరిగా ఉండే ముసలోళ్ళు, వీళ్ళకి యాప్ ఉండదు, చాట్ ఉండదు, ఫోన్ ఒకటే దారి. యాప్ ఉండేవాళ్ళకి అన్నీ ఉచితం, ఏమీ లేనివాళ్ళకి మాత్రం నిమిషానికింత. ఇది సరిగ్గా లేదు, నేను సర్వీసులో ఉన్నప్పుడు కూడా ఇదే మాట చెప్పేవాడిని.


ఆర్‌సీ_రోడ్:

అట్ల చెప్తే నిజమే సార్. కార్డు ఇరుక్కున్న సంగతి సరిగ్గా చదవలేదు నేను.


లెస్టర్_చిత్తూరోడు:

నేను చిత్తూరు గ్రీమ్స్‌పేట, ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నా. అక్కా, మీ అన్న కోసం రెండు ముక్కలు.

ఇక్కడ యూకేలో ఇదే గొడవ చాలా ఏళ్ళు నడిచింది. 0800 నంబర్లు ల్యాండ్‌లైన్ నుంచి ఫ్రీ, మొబైల్ నుంచి చేస్తే మాత్రం నెట్‌వర్క్‌లు డబ్బులు తీసుకునేవి, ఫ్రీఫోన్ అని పేరు పెట్టి! జనం అప్పట్లో ఏం చేసేవాళ్ళంటే ప్రతి 0800 నంబర్‌కీ వెనకాల ఉండే మామూలు 01, 02 నంబర్ వెతికి దానికి చేసేవాళ్ళు, అది ప్యాక్ నిమిషాల్లో పోయేది, అట్లాంటి నంబర్లు ఒకరికొకరు చెప్పుకునేదానికి వెబ్‌సైట్లే పెట్టుకున్నారు, పాకాల సార్ చెప్పిన ఉపాయం సరిగ్గా అదే. చివరికి ఆఫ్‌కామ్ అని ఇక్కడి ట్రాయ్ లాంటి సంస్థ రూలు పెట్టింది, 2015 జులై 1 నుంచి 0800, 0808 నంబర్లు, 116తో మొదలయ్యే హెల్ప్‌లైన్లు మామూలు కస్టమర్ల మొబైల్ నుంచి కూడా పూర్తిగా ఫ్రీ. కాబట్టి మీ అన్న ఇక్కడి సిమ్‌తో ఇక్కడి 0800కి భయం లేకుండా చెయ్యొచ్చు.

భయపడాల్సింది 084, 087తో మొదలయ్యేవాటికి. వాటికి రెండు చార్జీలు కలుస్తాయి, ఒకటి ఆ కంపెనీ తీసుకునేది, ఇంకొకటి మన నెట్‌వర్క్ తీసుకునేది. కంపెనీ చార్జీయే 084కి నిమిషానికి 7 పెన్నీల దాకా, 087కి 13 పెన్నీల దాకా ఉండొచ్చు, దాని మీద నెట్‌వర్క్‌ది వేరే. కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. 03తో మొదలయ్యేవి మాత్రం మామూలు నంబర్ల రేటే, ప్యాక్ నిమిషాల్లోనే పోతాయి. 2014 జూన్ నుంచి ఇంకొక మంచి రూలు కూడా ఉంది, వస్తువు కొన్నాక దాని గురించి కంప్లైంట్ చేసేదానికి ఇచ్చే నంబర్ మామూలు కాల్ రేటు దాటకూడదు. అందుకే ఇక్కడ చాలా కంపెనీలు 0845 వదిలేసి 0345కి మారినాయి. మన దగ్గర కూడా ఇట్లాంటి రూలు ఒకటి వస్తే 1860 గొడవ ఒక్క దెబ్బతో పోతాది, నాకైతే రావాలనే ఉంది.

ఇక ఇక్కడి నుంచి ఇండియా 1800 సంగతి. అవి దేశం లోపల వాడుకునేదానికే పెట్టినవి, బయటి దేశాల నుంచి చాలావరకు కలవవు, కలిసినా ఇంటర్నేషనల్ చార్జీ పడతాది. ముందు +91 పెట్టి ప్రయత్నం చేసి టైం వేస్ట్ చేసుకోవద్దని చెప్పండి. బ్యాంకులు విదేశాల నుంచి చేసేవాళ్ళకి అని వేరే నంబర్ ఇస్తాయి, +91 తర్వాత ఊరి కోడ్ ఉండే మామూలు నంబర్. ఎన్నారై పేజీలో ఉంటాది. ఇండియా కాల్స్ కలిసి ఉండే ప్యాక్ ఇక్కడ తీసుకుంటే దాంట్లోనే పోతాది. ఇంతకుముందు మేము స్కైప్ వాడేవాళ్ళం, కొన్ని దేశాల టోల్ ఫ్రీ నంబర్లకి దాంట్లో ఉచితంగా చేసేదానికి ఉండేది, 2025 మే 5న దాన్ని మూసేసినారు. వాట్సాప్ నుంచి 1800 నంబర్‌కి ఫోన్ పోదు, బ్యాంకులు ఇచ్చే వాట్సాప్ చాట్ మాత్రం పని చేస్తాది. మీ అన్న ఇండియా సిమ్ రోమింగ్‌లో పెట్టుకోని ఉంటే దాంతో కస్టమర్ కేర్‌కి మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పండి, రోమింగ్‌లో ఫ్రీ నంబర్ అని తేడా ఏమీ చూడరు. ఓటీపీలు వచ్చేదానికి ఉంచుకుంటే చాలు.


పుత్తూరు_తోట:

ఇంతసేపూ బ్యాంకుల గురించే చెప్తా ఉండారు, నేను రైతు పక్కన చెప్తా. మాకు తోతాపురి మామిడి తోట ఉండాది. బ్యాలెన్స్ లేకపోయినా పని జరిగే నంబర్లు నా ఫోన్‌లో వేరేగా పెట్టుకున్నా, అందరికీ పనికొస్తాయని రాస్తా ఉండా.

కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. ఇది 2004 జనవరి 21న పెట్టినారు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. పోయినేడు పూత మీద తేనెమంచు పురుగు పడి ఆకంతా జిగట జిగటగా అయిపోతే, మందు అంగడాయన ఏది ఇస్తే అది కొట్టకుండా ముందు దీనికి చేసినా. ఏ దశలో ఉండాది, పిందె పడిందా లేదా, కొమ్మ ఊపితే పురుగు ఎట్ల లేస్తా ఉండాది అని ఆయన నిదానంగా అడిగి చెప్పినాడు. చానాసేపు మాట్లాడినాము, నా ఫోన్‌లో ఒక్క పైసా పోలేదు. అదే డబ్బులు పడే నంబర్ అయింటే సగంలో పెట్టేసి ఉందును, సగం తెలుసుకోని మందు కొడితే ఏమైతాదో రైతుకి చెప్పక్కర్లేదు. కాబట్టి ఫ్రీ నంబర్ అంటే నాకు చిన్న విషయం కాదన్నా.

కరెంటుకి 1912. మోటారు కాడ ఫ్యూజు పోయినా, తీగలు కిందికి వేలాడతా ఉన్నా దీనికి చెప్పి కంప్లైంట్ నంబర్ తీసుకోవాల, నంబర్ తీసుకోకపోతే మళ్ళీ అడిగేదానికి ఉండదు. మన పక్క కరెంటు కంపెనీ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉండాది. 108, 112 అందరికీ తెలుసు. పెద్దోళ్ళకి 14567 అని ఒకటి ఉండాది, పింఛను సంగతి గానీ, బిడ్డలు చూడకపోతే గానీ, ఊరికే మనసు బాగలేకపోయినా గానీ మాట్లాడొచ్చు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మీ నాన్న ఫోన్‌లో కూడా వేసి పెట్టమ్మా. ఫారిన్ నంబర్ నుంచి మిస్డ్ కాల్ వస్తే మాత్రం తిరిగి చేయొద్దని చెప్పు, మా ఊర్లో ఒకాయనకి అట్ల చేసి ఐఎస్‌డీ చార్జీ పడింది.


బైరాగిపట్టెడ_అమ్మాయి:

అన్నా, చాలా థాంక్స్, నాన్నకి చదివి వినిపిస్తా ఉండా ఇవన్నీ. ఒక్క డౌట్. నిజంగా 1800కి చేసినప్పుడు కూడా ఎప్పుడన్నా కట్ అయితే ఏం చేయాల? ఎవరిని అడగాల?


హెడ్‌సెట్_రేణిగుంట:

ఆ కాల్ కట్ అయినాక వచ్చే చిన్న డబ్బా ఉంది కదక్కా, అదే మీ సాక్ష్యం. డబ్బులు పోయిన ప్రతి కాల్ తర్వాత అది చూపించాలనేది ట్రాయ్ రూలే. నాన్నగారు కంగారులో ఓకే నొక్కేస్తే పోతాది, కాబట్టి నొక్కకముందే ఒక కాగితం మీద టైము, ఎంత పోయింది రాసుకోమనండి. తర్వాత 198కి చేయాల, అది మన నెట్‌వర్క్ కంప్లైంట్ నంబర్, ఫ్రీ. 121కి చేయకండి, అది వివరాలు అడిగేదానికి, కొన్నిటిలో మనిషితో మాట్లాడితే డబ్బులు తీసుకుంటారు. 198లో కంప్లైంట్ రాయించుకోని డాకెట్ నంబర్, అంటే ఆ కంప్లైంట్‌కి వాళ్ళు ఇచ్చే నంబర్, అడగండి, ఎస్సెమ్మెస్‌లో వస్తాది. డాకెట్ నంబర్ లేకుండా పెట్టేస్తే ఆ కాల్ చేసినా చేయనట్టే. వాళ్ళు సరిగ్గా చూడకపోతే అదే కంపెనీలో అప్పీలు చేసుకునే అధికారి ఉంటాడు, ఆ డాకెట్ నంబర్‌తో ఆయనకి పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

ప్రీపెయిడ్ అయినా ఏ కాల్‌కి ఎంత పోయిందో లిస్టు ఇమ్మని అడిగే హక్కు ఉంది, వెనక ఆరు నెలల దాకా ఇస్తారు, దానికి 50 రూపాయలకి మించి తీసుకోకూడదు. ఊరికే ఏడు రూపాయలకి అది అడగక్కర్లేదు, మాటిమాటికీ కట్ అవుతా ఉంటే అడగండి.

గొడవ బ్యాంకుతో అయితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాల, 30 రోజుల్లో జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద కంప్లైంట్లు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పోవచ్చు, దాని గురించి అడిగేదానికి 14448. మిగతా ఏ కంపెనీతో అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.


పాకాల_ఎక్స్ఛేంజ్:

రేణిగుంట అబ్బాయి బాగా చెప్పినాడు. నేను ఇంకొకటి చేయమంటా. బ్యాంకు బ్రాంచికి కొత్త కార్డు కోసం పోతారు కదా, అప్పుడు మేనేజర్‌కి ఒక కాగితం ఇవ్వు తల్లీ. మీకు 1800 నంబర్ ఉండగా పాస్‌బుక్ మీద 1860 ఎందుకు వేస్తారు, అట్ట మీద 1800 వేయండి, లేదా రెండూ వేసి దేనికి డబ్బులు పడతాయో పక్కన తెలుగులో రాయండి అని. ఒకరు ఇస్తే పక్కన పెడతారు, పదిమంది ఇస్తే పైకి పంపుతారు. నేను పాకాల బ్రాంచిలో ఈ వారమే ఇస్తా. చిత్తూరు, పుత్తూరు వాళ్ళు కూడా మీ మీ బ్రాంచిల్లో ఇవ్వండి.


పుత్తూరు_తోట:

నేనూ ఇస్తా సార్. ఎట్ల రాయాల్నో ఒకటి రాసి ఈడ పెట్టండి, అందరం అదే ఇస్తాం.


బైరాగిపట్టెడ_అమ్మాయి:

నేను సోమవారం పోతా ఉండా అంకుల్, రాసి పెట్టండి, నాన్న సంతకంతోనే ఇస్తా. చివరిగా నాన్న ఒకటి అడగమంటా ఉండాడు. ప్యాక్ వాలిడిటీ అయిపోయి, రీచార్జ్ చేసేదానికి ఒక రోజు ఆలస్యమైతే, అప్పుడు 1800 పోతాదా?


పాకాల_ఎక్స్ఛేంజ్:

ప్యాక్ ఉండి మెయిన్ బ్యాలెన్స్ సున్నా అయితే పోతాది. వాలిడిటీ అయిపోయి ఔట్‌గోయింగ్ ఆపేస్తే 1800 కూడా పోదు, 112 మాత్రం పోతాది. అందుకని ఆ ప్యాక్ అయిపోయే తారీకు నువ్వు నీ ఫోన్‌లో గుర్తు పెట్టుకో, నాన్న మీద వదిలేయొద్దు. వాయిస్ ప్యాకుల్లో 365 రోజుల దాకా ఉండేవి ఇవ్వొచ్చని ట్రాయ్ చెప్పింది, మీ నెట్‌వర్క్‌లో ఉంటే ఈసారి అట్లాంటిదే వేయించు. కాగితం ఈ రాత్రికి రాసి పెడతా.